ఏడు రోజుల లెక్క

దీపం ఆరిపోయింది.

"మల్ల పోయింది!" మగ్గం గుంతలోంచి బుచ్చిరాములు అరిచాడు. "సావిత్రీ, లాంతరు తే. జల్ది!"

సాయంత్రం ఏడు కూడా కాలేదు. బయట ముసురు పట్టి ఉంది. ఇంట్లో వెలుగుతున్న మూడు దీపాలూ ఒక్కసారే పోయాయి. గోడకు బిగించిన చిన్న డబ్బా మీద ఎర్ర చుక్క మాత్రం వెలుగుతోంది. బ్యాటరీ ఖాళీ అయిందని దాని అర్థం.

ఈ వారంలో ఇది మూడోసారి.

అనసూర్య లెక్కల పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. ఆమెది ఆరో తరగతి. వంటింట్లో అమ్మ గిన్నెల మధ్య తడుముకుంటున్న చప్పుడు వినిపించింది. ఏదో కింద పడి దొర్లింది. చివరికి అమ్మ లాంతరు వెలిగించి తెచ్చింది.

బాపు, అంటే అనసూర్య తండ్రి బుచ్చిరాములు, గుంతలోంచి లేచి, నేసిన జంపఖానా మీదికి వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు.

నీలం చార రావలసిన చోట జానెడు మేర నలుపు పడింది. దీపం మసకబారినప్పటి నుంచి నేసినదంతా తప్పే.

"మొత్తం ఇప్పాలె," అన్నాడు బాపు. గొంతులో కోపం కంటే అలసట ఎక్కువగా ఉంది.

అందరూ రాజవ్వ వైపు చూశారు. రాజవ్వ బాపుకు తల్లి, అనసూర్యకు బాపమ్మ. నూలును సన్నటి గొట్టాలకు చుట్టి కొడుకు చేతికి అందించడం ఆమె పని. ఆ గొట్టాలను కండెలు అంటారు. నలభై ఏళ్ళుగా ఆమె చుట్టిన కండెలో తప్పు రంగు వచ్చింది లేదు.

"నేనే ఇచ్చిన్రా," అంది రాజవ్వ. "మసకల నీలానికీ నలుపుకూ ఫరక్ తెల్వలే."

"కండె సంగతి గాదవ్వా. కరెంటు సంగతి," అన్నాడు బాపు. "మెకానిక్ కొమురెల్లి మొన్న వచ్చి ఏం జెప్పి పోయిండు? ఇంట్ల ఎవలో చాటుంగ వాడ్తాండ్రని చెప్పిండా లేదా? ఎవలు?"

గదిలో నలుగురే ఉన్నారు.

"నేనైతే వంటయ్యేదాకనే ఏస్తాన," అంది అమ్మ. "తర్వాత ముట్టుకుంటే ఒట్టు."

రాజవ్వ కొంగుతో చేతులు తుడుచుకుంది. "మొన్న బేస్తారం పగటీలి మబ్బు పట్టింది గదా. దారం కొస దొరకలే. వెనక అర్రల దీపం జరసేపు ఏసిన."

"జరసేపేనా?"

"జరసేపే."

బాపు, అమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రాజవ్వ అది చూసింది.

అనసూర్య కూడా చూసింది. వెంటనే తల దించుకుంది.

ఎందుకంటే కరెంటు ఎందుకు చాలడం లేదో ఆ ఇంట్లో ఆమె ఒక్కదానికే అనుమానం ఉంది.

* * *

అది 1986. వరంగల్ స్టేషన్ అవతల, పట్టణం చివర, నేతపని వాళ్ళకు కొత్తగా ఇచ్చిన ఇళ్ళవి. స్తంభాలు పాతారు గాని తీగ ఇంకా రాలేదు.

జులై మొదట్లో ఒక ఆదివారం బాలకిషన్ సార్ వచ్చాడు. ఆయన ఇంజినీరింగ్ కాలేజీలో చెప్తాడు. ఎండ తగిలితే కరెంటు పుట్టించే నీలం పలక ఒకటి కాలేజీ వాళ్ళు ఈ ఇంటి కప్పు మీద పెట్టి చూస్తామన్నారు. పగలు పలక కరెంటు ఇస్తుంది. దాన్ని బ్యాటరీ దాచి పెడుతుంది. ఆ కరెంటుతో చీకటి వేళ దీపాలు వెలుగుతాయి.

"ఎంత పెద్ద పలక పెట్టాలో నాకు తెలవాలంటే మీ ఇంట్ల వాడకం ఎంతో తెలవాలె," అన్నాడు సార్. "లెక్క ఎవరు రాస్తరు?"

"మా బిడ్డ రాస్తది సార్," అన్నాడు బాపు. "లెక్కలల్ల దానికి నూటికి తొంభై అయిదు."

సార్ అనసూర్య పక్కన అరుగు మీద కూర్చున్నాడు.

"చూడమ్మా. మీకు ఇప్పుడు లాంతర్లే ఉన్నయి గదా. రేపటి నుంచి ఏడు రోజులు, ఏ లాంతరు ఎప్పుడు ముట్టిచ్చిండ్రు, ఎప్పుడు ఆర్పిండ్రు, రాయి. లాంతరు ఉన్న చోట నేను ఎనిమిది వాట్ల దీపం పెడత. అది ఒక గంట వెలిగితే ఎనిమిది. రెండు గంటలు వెలిగితే?"

"పదహారు."

"గంతే లెక్క. కని ఏడు రోజులూ రాయాలె. ఒక్క దినం చూసి చెప్పరాదు. ఎందుకో తెలుసా?"

అనసూర్యకు తెలియదు. అయినా తల ఊపింది.

సోమవారం ఆమె చక్కగా రాసింది. ఇంట్లో గడియారం లేకపోయినా మిల్లు సైరన్ ఉంది. దాన్ని బట్టి టైము తెలుస్తుంది. వంటింటి లాంతరు రెండు గంటలు. ముందు గదిలోది రెండున్నర. మగ్గం దగ్గరిది అరగంట.

మంగళవారం బడిలో పంద్రాగస్టు డాన్సుకు పేర్లు రాసుకున్నారు. అనసూర్య పేరు మొదటి వరుసలో పడింది. ఆ రోజు నుంచి బడి వదిలాక ప్రాక్టీసు. ఇంటికి వచ్చేసరికి కాళ్ళు లాగేవి. తినడం, పడుకోవడం. రేపు రాద్దాం అనుకుంది. బుధవారం కూడా అలాగే అనుకుంది.

మళ్ళీ ఆదివారం తెల్లారింది. నోట్‌బుక్‌లో సోమవారం ఒక్కటే ఉంది.

సార్ పది గంటలకు వస్తాడు. అనసూర్య పెన్సిల్ చెక్కుకుని కూర్చుంది. ఇంట్లో రోజూ చేసే పనే కదా, రోజూ ఒకటే ఉంటుంది కదా అనుకుంది. సోమవారాన్నే ఆరుసార్లు దించింది. ఒక చోట పావుగంట పెంచింది. ఇంకో చోట పావుగంట తగ్గించింది. అచ్చం నిజం లెక్కలాగే కనిపించింది.

సార్ పేజీ అంతా చదివాడు. ఒక చోట వేలు పెట్టి ఆగాడు.

"మగ్గం కాడ అరగంటేనా?"

బాపు ఇంట్లో లేడు. నూలుకు రంగు వేయించడానికి పోయాడు.

"పగలే నేస్తరు సార్," అంది అనసూర్య. ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు.

"మంచిగ రాసినవ్. మొత్తం కలిపితే రోజుకు నలభై చిల్లర. యాభై అనుకుందాం. చిన్న పలక చాలు." సార్ నోట్‌బుక్ సంచిలో పెట్టుకున్నాడు. మరునాడు ఆమె బడికి వెళ్ళి పెద్ద టీచరుకు కూడా చెప్పాడట. ప్రార్థన అప్పుడు పెద్ద టీచరు అనసూర్యను ముందుకు పిలిచింది. బడి అంతా చప్పట్లు కొట్టింది.

ఆ చప్పట్లు ఇప్పుడు చీకట్లో కూర్చున్న అనసూర్య చెవుల్లో మోగుతున్నాయి.

* * *

కాలేజీలో పనిచేసే మెకానిక్ కొమురెల్లి మర్నాడు మళ్ళీ వచ్చాడు. గాజు గొట్టంలోకి బ్యాటరీ నీళ్ళు లాగి చూశాడు. కప్పెక్కి పలక తుడిచాడు. ప్రతి వైరూ లాగి చూశాడు. దిగి వచ్చి బీడీ వెలిగించబోయి, రాజవ్వను చూసి జేబులో పెట్టుకున్నాడు.

"అన్నా, ఉన్నది ఉన్నట్టు చెప్తాన. బ్యాటరీ మంచిగున్నది. పలక మంచిగున్నది. మబ్బులున్నా నడిచేటట్టే పెట్టినం. మీరు రాసిచ్చిన లెక్కకు మించి వాడుడే అసలు కథ."

"మేము వాడేది అంతే కొమురెల్లీ."

"గట్లంటే ఎట్లనే? కరెంటుకు కాళ్ళున్నయా నడిచి పోతానికి?"

బాపు నవ్వలేదు. కొమురెల్లి గొంతు తగ్గించాడు.

"ఐతారం నాడు బాలకిషన్ సారు వస్తాండు. ఈ పలక, బ్యాటరీ సెట్టు కోసం ఇంకా రెండిండ్లోళ్ళు అడుగుతాండ్రు. చెప్పిన లెక్క ప్రకారం వాడే ఇంట్లనే ఉంచాల్నని కాలేజీల మాట. ఎవలు వాడ్తాండ్రో మీరే తేల్చుకొని చెప్పుండ్రి. లేకుంటే ఇప్పుకపోతరు."

ఆ రోజు నుంచి అనసూర్య ఒక ఉపాయం చేసింది. చీకటి పడకముందే హోంవర్క్ అరుగు మీద ముగించేది. "నాకు దీపం వద్దమ్మా" అని ముందు గది స్విచ్చి తనే ఆర్పేసేది. వంటింట్లో అమ్మ చెయ్యి కడుక్కోగానే పరుగెత్తి అక్కడా ఆర్పేది. ఇలా నాలుగు రోజులు మిగిలిస్తే బ్యాటరీ నిండుతుంది, ఎవరూ ఏమీ అడగరు అనుకుంది.

రాజవ్వ ఇంకో పని చేసింది. ఆమె అసలు స్విచ్చి వైపు చెయ్యే చాపలేదు. ఆ డబ్బాకే తగిలించిన చిన్న రేడియో కూడా పెట్టలేదు. మబ్బు మధ్యాహ్నాల్లో వెనుక గదిలో రాట్నం ముందు కూర్చుని, వేళ్ళతో తడుముకుంటూ కండెలు చుట్టింది.

"చీకట్ల ఎందుకత్తా? దీపం ఏసుకో," అంది అమ్మ.

"నాకెందుకమ్మా. నా పానానికి దీపమేంది."

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

గురువారం సాయంత్రం బడి నుంచి వస్తుంటే ఇంటి ముందు నలుగురు గుమిగూడి ఉన్నారు. అనసూర్య సంచి జారవిడిచి లోపలికి పరుగెత్తింది.

మగ్గం గుంతలో రాజవ్వ పడి ఉంది. నడుము లోతు గుంత అది. నేసేటప్పుడు బాపు అందులో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటాడు. బాపు, పక్కింటి మొగిలి కలిసి ఆమెను పైకి లేపుతున్నారు. చుట్టూ కండెలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. నీలం, నలుపు, ఎరుపు.

"కండెలు మగ్గం మీద పెడదామని వచ్చిన," అంది రాజవ్వ. "అంచు కనవడలే."

"దీపం ఏసుకుంటే అయిపోతుండె గదనే!" అన్నాడు బాపు.

"ఏస్తే మల్ల ఎవలేసిండ్రని అడుగుతవ్ గద కొడకా."

బాపు ఆమెను రిక్షాలో దవాఖానకు తీసుకుపోయాడు.

ఎముక విరగలేదు. మణికట్టు బెణికింది. కట్టు కట్టి, నెల రోజులు ఆ చెయ్యి కదపవద్దన్నారు. కుడి చెయ్యి. రాట్నం తిప్పే చెయ్యి.

* * *

శుక్రవారం ఇంకా తెల్లవారకముందే అనసూర్యకు మెలకువ వచ్చింది. పక్క గదిలోంచి టకటకమని మగ్గం చప్పుడు. ఆ చప్పుడు ఆమె పుట్టినప్పటి నుంచి వింటున్నదే. గోడ ఉన్నట్టు, తలుపు ఉన్నట్టు, అదీ ఉంటుంది. అందుకే ఎన్నడూ పట్టించుకోలేదు.

లేచి వెళ్ళి గుమ్మంలో నిలబడింది. మగ్గం మీద దీపం వెలుగుతోంది. బాపు నేస్తున్నాడు.

"బాపూ, ఎప్పుడు లేచినవ్?"

"నాలుగున్నరకు. రోజూ గప్పుడే గద. నువ్వెందుకు లేచినవే? పండుకో పో."

ఆమె పడుకోలేదు. పొద్దు పొడిచి బాపు దీపం ఆర్పేదాకా గుమ్మంలోనే కూర్చుంది. అప్పటికి ఆరున్నర. రెండు గంటలు. సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిది దాకా మళ్ళీ నేస్తాడు. రెండున్నర గంటలు.

నాలుగున్నర గంటలు!

నోట్‌బుక్‌లో తను రాసింది అరగంట.

నాలుగున్నరను ఎనిమిదితో హెచ్చవేస్తే ముప్పై ఆరు. తను రాసిన లెక్కలో మగ్గానికి నాలుగే. రోజుకు ముప్పై రెండు తక్కువ. సార్ యాభైకి పలక పెట్టాడు. నిజంగా అయ్యేది డెబ్బై రెండు; సార్ లాగే కొంచెం కలుపుకుంటే ఎనభై. తను ముందు గదిలో దీపం ఎంత మానేసినా ఇరవై మిగులుతుంది. ముప్పై రెండు పూడదు.

పలక తప్పు కాదు. బ్యాటరీ తప్పు కాదు. బాపమ్మ తప్పు అసలే కాదు.

కానీ సోమవారం తను అబద్ధం రాయలేదే! నిజంగా అరగంటే వెలిగింది. కళ్ళతో చూసింది. అదెలా?

కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని రాజవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. అనసూర్య వెళ్ళి పక్కన చేరింది.

"బాపమ్మా, సారు వచ్చిపోయిన తెల్లారి, సోమారం నాడు, బాపు ఎందుకు నేయలే?"

"ఏ సోమారమే? ఓ, అదా. అమాస గద బిడ్డా. అమాస నాడు మన సాలోళ్ళు మగ్గం ఎక్కుతరా? నేనే మగ్గం కాడ దీపం పెట్టి, ఊదుబత్తి ముట్టిచ్చి మొక్కిన. అరగంటయ్యాక ఆర్పిన." రాజవ్వ ఆమె మొహంలోకి చూసింది. "ఎందుకు అడుగుతానవ్?"

"ఉట్టిగనే," అంది అనసూర్య.

నెలలో మగ్గం ఆగేది ఆ ఒక్క రోజే. ఆ ఒక్క రోజునే ఆమె ఏడు రోజులు చేసింది.

ఒక్క దినం చూసి చెప్పరాదు. సార్ ఆ మాట ఎందుకన్నాడో ఇప్పుడు తెలిసింది. తెలిసి ఏం లాభం? మంగళవారం ఒక్కసారి గుమ్మంలో నిలబడి చూసి ఉంటే చాలు. ఒక్క నిమిషం పని. ఆ నిమిషం ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది?

చెప్పేయాలి. ఇప్పుడే చెప్పేయాలి. అనసూర్య నోరు తెరిచింది. బడి అంతా చప్పట్లు కొట్టడం గుర్తుకొచ్చింది. పెద్ద టీచరు మొహం గుర్తుకొచ్చింది. "లెక్కలల్ల నూటికి తొంభై అయిదు" అన్నప్పటి బాపు గొంతు గుర్తుకొచ్చింది.

నోరు మూసుకుంది.

* * *

శనివారం రాజవ్వ తన చీరలు రెండు గుడ్డలో మూట కట్టింది. ఒంటి చేత్తో ముడి పడడం లేదు. పళ్ళతో పట్టుకుని లాగింది.

"యాడికవ్వా?" అన్నాడు బాపు.

"తొర్రూరు. బిడ్డ కాడికి. రేపు పొద్దుగాల బస్సుకు పోత."

"ఇప్పుడెందుకు?"

రాజవ్వ ఎప్పుడో ఆలోచించి పెట్టుకున్నట్టు చెప్పింది. "రేపు సారు వస్తడు గద. ముసల్దే చాటుంగ వాడింది, దాన్ని తొర్రూరు పంపిచ్చినం, ఇగ ఫికర్ లేదు అని చెప్పు. సెట్టు ఇప్పరు. నీ నేత ఆగది."

"నువ్వు నిజంగనే వాడినవా?"

"జరసేపన్న గద. నమ్మితివా మరి?"

బాపు నేల చూపు చూశాడు. "నమ్మలే," అన్నాడు. "తప్పయింది అవ్వా. ఉండు. పోకు."

"ఉండి ఏం జెయ్యాలె? చెయ్యి గిట్లాయె. కండె చుట్టకుంట ఈ ఇంట్ల నేనెన్నడు కూసున్న? అక్కడ మల్లక్క ఇంట్ల పత్తి చేను కావలి ఉంటది. దానికి చేతులు అక్కెర్లేదు."

మేనత్త మల్లక్క ఇంట్లో మగ్గం లేదు. ఆ ఊళ్ళో ఆ టకటక చప్పుడే వినిపించదు. సెలవులకు పోయినప్పుడు రాజవ్వ రెండో రోజుకే "నాకు నిద్ర పడ్తలేదు" అని తిరిగి వచ్చేస్తుందని ఇంట్లో అందరికీ తెలుసు.

ఆ సాయంత్రం అనసూర్య రెండుసార్లు అమ్మ దగ్గరికి వెళ్ళింది. మొదటిసారి "ఆకలైతాంది" అంది. రెండోసారి "ఏం లేదు" అంది.

* * *

ఆదివారం పొద్దున్నే రాజవ్వ చెప్పులు వేసుకుని, మూట చంకన పెట్టుకుని గడప దిగుతుండగానే ఇంటి ముందు స్కూటరు ఆగింది. బాలకిషన్ సార్ దిగాడు. వెనుక సీటు మీది నుంచి కొమురెల్లి ఒక పొడుగాటి రిజిస్టరుతో దిగాడు.

"పెద్దవ్వా, చేతికేమైంది?" అన్నాడు సార్.

"పడ్డ సారూ. అదేం లేదు."

సార్ కప్పు వైపు చూశాడు. డబ్బా మీద ఎర్ర చుక్క చూశాడు. అరుగు మీద కూర్చుని బాపును పక్కన కూర్చోమన్నాడు.

"రాములన్నా, నాకు కోపం లేదు. కని కారణం తెలవాలె. ఈ లెక్క ఇక్కడ తప్పితే రేపు పది ఇండ్లల్ల తప్పుతది. లెక్క మంచిగనే ఉన్నది, వాడకం ఎందుకు మించింది?"

బాపు గొంతు సవరించుకున్నాడు. తల్లి వైపు చూశాడు. ఆమె చెప్పమన్నట్టు తల ఊపింది. బాపు తల అడ్డంగా ఊపాడు.

రాజవ్వే ముందుకు వచ్చింది. "నేనే సారూ. కండ్లు కనవడక పగలంత దీపం ఏసిన. రేడియో పెట్టిన. వీళ్ళకు చెప్పలే. గిప్పుడు మా బిడ్డ కాడికి పోతాన. ఇగ నాతోని ఏ పరేషాన్ ఉండదు. సెట్టు ఉంచుండ్రి."

కొమురెల్లి రిజిస్టరు తెరిచాడు. "నేను అనుకున్న సార్," అన్నాడు మెల్లగా.

సార్ జాలిగా చూశాడు. "పెద్దవ్వా, దీనికి ఊరిడిసి పోవుడెందుకు?"

"బస్సు టైమాయె," అంది రాజవ్వ. మూట సర్దుకుని నడిచింది. ఎడమ చేత్తో మూట మొయ్యడం ఆమెకు అలవాటు లేదు. నాలుగు అడుగులకే జారింది. ఆగి మళ్ళీ ఎత్తుకుంది.

అనసూర్య తలుపు చాటున నిలబడి ఉంది. బాపమ్మ ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. తిరిగితే ఏడుస్తుంది. అందుకే తిరగడం లేదు.

అనసూర్య పరుగెత్తింది. దారిలో బురద నీళ్ళు ఎగిరి గౌను మీద పడ్డాయి. బాపమ్మ చేతిలోని మూటను రెండు చేతులా పట్టుకుంది.

"ఇడువు బిడ్డా. బస్సు పోతది."

"పోనీ!"

మూట లాక్కుని వెనక్కి వచ్చింది. రాజవ్వ ఏమీ అర్థం కాక వెనకాలే వచ్చింది. అనసూర్య సార్ ముందు ఆగింది.

"బాపమ్మ అబద్ధం చెప్తాంది సార్."

"ఏయ్, పెద్దోళ్ళ నడుమ..." అంది అమ్మ గుమ్మంలోంచి.

"బాపమ్మ ఏం వాడలే. ఎవరూ ఎక్కువ వాడలే. లెక్కనే తప్పు సార్." ఆగితే మళ్ళీ నోరు మూసుకుపోతుందని ఆమెకు తెలుసు. ఆగకుండా చెప్పింది. "ఏడు రోజులు రాయలేదు నేను. ఒక్క సోమారమే రాసిన. మిగిలినయి అన్నీ దానికెల్లి దించిన. మధ్య మధ్యల పావుగంట మార్చిన, మీకు తెలవద్దని. ఆ సోమారం అమాస సార్. అమాస నాడు మా ఇంట్ల మగ్గం నడువది. బాపు రోజూ నాలుగున్నర గంటలు దీపం కింద నేస్తడు. నేను అరగంట రాసిన. మీరు అడిగినప్పుడు పగలే నేస్తరని అబద్ధం చెప్పిన."

కొమురెల్లి చేతిలో పెన్ను గాలిలోనే ఉంది.

సార్ వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకున్నాడు. పెదవులు కదిలాయి. "యాభై కాదు. ఎనభై," అన్నాడు తనలో తాను. తర్వాత కప్పు మీది చిన్న పలక వైపు చూశాడు. "ఎనభైకి ఇది సాలదు. పెద్దది కావాలె. పెద్దది ఇప్పుడు మా కాడ లేదమ్మా. వచ్చేదాకా ఈ సెట్టు ఇంకో ఇంటికి పోవచ్చు. తెలుసా నీకు?"

"తెలుసు సార్."

"తెలిసే చెప్తానవా?"

అనసూర్య తల ఊపింది. కన్నీళ్ళు గడ్డం దాకా వచ్చాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

బాపు అరుగు మీది నుంచి లేచాడు. కొడతాడేమో అనుకుని ఆమె కళ్ళు మూసుకుంది. ఆయన ఆమె చేతుల్లోంచి మూట తీసుకున్నాడు. లోపలికి వెళ్ళి, రాట్నం పక్కన రాజవ్వ కూర్చునే పీట మీద పెట్టి వచ్చాడు. వచ్చి తల్లి ముందు నిలబడ్డాడు. ఆమె కట్టు మీద చెయ్యి వేశాడు.

రాజవ్వ మనవరాలి వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని అనసూర్యకు అనిపించింది. ఆ మాట వారం ముందు చెప్పి ఉంటే ఆ చేతికి కట్టు ఉండేది కాదు. ఇప్పుడు చెప్పినందుకు కట్టు ఊడిపోదు.

"సార్," అన్నాడు కొమురెల్లి ఇబ్బందిగా. రిజిస్టరులో రాజవ్వ పేరు మొదటి అక్షరం అప్పటికే రాసి ఉంది. దాన్ని అడ్డంగా కొట్టేశాడు. "కారణం కాడ ఏం రాయాలె? లెక్కల పొరపాటని ఉట్టిగ రాయనా? పిల్ల గద. పేరెందుకు?"

సార్ అనసూర్య వైపు చూశాడు.

ఆమె ముక్కు ఎగబీల్చింది. బడిలో హాజరు పిలిచినప్పుడు పలికినంత గట్టిగా పలికింది.

"పేరు లేకుంటే తప్పు బాపమ్మదనే అనుకుంటరు సార్. పేరు రాయండి. తప్పు చేసింది అనసూర్య."